తొవ్వ అడిగిన మనిషి

స్పెయిన్‌లో సముద్రం ఒడ్డునున్న ఆ ఊరికి రామచంద్రం వచ్చింది రాయి పని మీద. కరీంనగర్ దగ్గరి గ్రానైట్ క్వారీలో ఆయన మేనేజరు. రాయి కొనే కంపెనీవాళ్లు పిలిస్తే భార్య శ్యామలనూ తోలుకొచ్చాడు. పని ఉదయమే అయిపోయింది. తిన్నాక ఇద్దరూ గుట్ట మీది పాత బస్తీ చూడ్డానికి బయలుదేరారు.

మిట్టమధ్యాహ్నం. అక్కడి జనం తలుపులేసుకుని పడుకునే వేళ. సున్నం కొట్టిన గోడలు, మూసిన నీలి కిటికీలు, చేతులు చాపితే రెండు పక్కలా తగిలేంత ఇరుకు సందులు. కింది నుంచి ఉప్పుగాలి, ఎవరింట్లోనో వేయించిన చేపల వాసన. శ్యామల ఫోటోలు తీసుకుంటూ ముందు నడుస్తోంది.

మూడో మలుపు తిరిగాక సముద్రపు హోరు ఆగిపోయింది. గాలీ ఆగింది. చేపల వాసన పోయి డీజిల్ వాసన, తడిసిన రాతిపొడి వాసన ముక్కుకు తగిలాయి. ఎక్కడో... టక్... టక్... ఉలి మీద సుత్తి.

"ఇగో, గిటు చూడున్రి." శ్యామల ఒక గడప ముందు ఆగింది. "గీ రాయి మన దిక్కుదే కదా?"

గోధుమరంగు మెట్టు. మధ్యలో తెల్లటి చార. రామచంద్రం గుర్తుపట్టాడు. నిరుడు క్వారీలో కూలీ హనుమండ్లు మీద పడి ప్రాణం తీసిన బండకు సరిగ్గా ఇదే చార. "క్రేను తాడు నలిగింది సారూ, మార్పియ్యిండ్రి" అని అతను మూడు రోజులు మొత్తుకున్నాడు. "ఏం గాదు, లేపు" అన్నది తనే. అతను పోయిన సాయంత్రమే బండ మీది నెత్తురు కడిగించి లారీ ఎక్కించిందీ తనే. ఇంట్లో ఒక్క ముక్క చెప్పలేదు.

"పోదాం పా..." అంటూ తలెత్తాడు.

శ్యామల లేదు.

పరుగెత్తాడు. ఒక సందు... ఇంకో సందు... ప్రతి సందు చివరా అదే మెట్టు. మూసిన తలుపు వెనక నుంచి గుసగుస.

"సారూ... ఎటు పోయినా గోడలే ఉన్నయి..."

సుత్తి ఆగింది.

వెనక్కి తిరిగితే మలుపు దగ్గర శ్యామల నిలబడి ఉంది.

"ఎటు పోయినవ్?"

"ఎవలో తొవ్వ అడిగిండు. మన దిక్కు మనిషే. ఇల్లు దొరుకుతలేదట. లస్మవ్వ ఎదురుచూస్తదన్నడు. లస్మవ్వ ఎవలు?"

హనుమండ్లు భార్య. ఆ పేరు రామచంద్రం ఇంట్లో ఏనాడూ ఎత్తలేదు.

"నువ్వేమన్నవ్?"

"పాపం అనిపిచ్చింది. మాతోని రా అన్న."

ఆమె ఎడమచెయ్యి పట్టుకుని మెట్లన్నీ దిగి, జనంలోకి, ఇసుకలోకి లాక్కొచ్చాడు. పిల్లలు కేరింతలు కొడుతున్నారు. అలలు మళ్లీ వినబడుతున్నాయి. రామచంద్రం ఊపిరి పీల్చుకుని భార్య వైపు చూశాడు.

ఆమె కుడిచెయ్యి మాత్రం వెనక్కి చాచే ఉంది... మెల్లగా నడిచే మనిషెవరో పట్టుకుని వస్తున్నట్టు.