చిల్లు పడని డిష్

ప్రొఫెసర్ దోబ్రెవ్‌ను ప్లోవ్‌దివ్ రైల్వే స్టేషన్ మెట్ల మీద కాల్చి చంపారు. చేతిలోని బనిత్సా రొట్టెల పొట్లం ఇంకా వెచ్చగానే ఉంది.

"టీకా మందులో బతికున్న వైరస్ కలిపారని అనుమానం," అన్నాడు కర్నల్ తాసెవ్. "తేల్చాల్సిన పెద్దాయనే పోయాడు. ఇక నువ్వే దిక్కు."

ఏజెంట్ కామెన్‌కు గుండె జారిపోయింది. ల్యాబ్ అసిస్టెంట్ వేషంలో ప్రొఫెసర్ దగ్గర పని నేర్చిన మాట నిజమే. కానీ ఆ మందు మొదట వెళ్లేది తన కూతురు రాయా చదివే కిండర్‌గార్టెన్‌కే.

ల్యాబ్‌లో ఏజెంట్ ఎలిత్సా ఎదురొచ్చింది. తెల్లకోటు వేసుకున్నా సినిమా తారలాగే ఉంటుంది.

"లిండెన్ చెట్టు పూసిందా?" కోడ్ అడిగాడు.

"నిన్ననే పూసింది. అంత భయమెందుకోయ్? రిజల్ట్ వచ్చేసింది. మందు శుభ్రం."

బల్ల మీద, ప్రొఫెసర్ పోయే ముందు మందు వేసి పెట్టిన గాజు డిష్‌లు. వాటి అడుగున పెంచిన కణాల పొరకు ఊదా రంగు వేశారు. వైరస్ బతికుంటే కణాలను తినేస్తుంది, అక్కడ రంగు అంటక చిల్లులు కనిపిస్తాయి. ఆ చిల్లులు లెక్కపెడితే వైరస్ ఎంతుందో తెలుస్తుంది. ఇక్కడ ఒక్క చిల్లూ లేదు. కామెన్ ఊపిరి పీల్చుకున్నాడు. కింద టీకాల వ్యాన్ స్టార్ట్ అయింది.

అప్పుడు చివరి డిష్ మీద ఎర్ర చుక్క చూశాడు. ప్రతి పరీక్షలోనూ ఆ ఒక్క డిష్‌లో బతికున్న వైరస్‌ను కావాలనే వేయడం ప్రొఫెసర్ పద్ధతి. "ఇందులో చిల్లులు పడకపోతే పరీక్ష గుడ్డిదిరా అబ్బాయ్," అనేవాడు.

అదీ నున్నగానే ఉంది.

"డిష్‌లు మార్చేశావు," అన్నాడు.

ఆమె లిప్‌స్టిక్ తీసింది. దాని కొసన తుపాకీ గొట్టం. కామెన్ రంగు సీసా ఆమె మొహాన విసిరాడు. గుండు పైకప్పుకు తగిలింది. అతను పెన్ను రేడియోలో, "గేటు వేసేయండి, వ్యాన్ ఆపండి," అన్నాడు. గేటు కర్ర వ్యాన్ బానెట్ మీదే పడింది.

అసలు డిష్‌లు ఎలిత్సా బీరువాలో దొరికాయి. మందు వేసినవన్నీ జల్లెడలా ఉన్నాయి. లెక్కపెట్టబోయి, రాయా గుర్తొచ్చి, కామెన్ నేల మీద కూలబడ్డాడు.

బేడీలు వేస్తుంటే ఎలిత్సా ఊదా మొహంతో అడిగింది. "అన్నీ శుభ్రంగానే పెట్టాను కదా. ఎక్కడ దొరికిపోయాను?"

"అక్కడే," అన్నాడు కామెన్. "ఒక్కటైనా పాడు చేయాల్సింది."