జాబితా అడుగున ఒక అనుమతి

“పోయినసారి ప్లంబర్ వచ్చినప్పుడు నేనేగా ఉన్నాను!” అన్నాడు భర్త.

“నా మోకాళ్ళతో నేనా తలుపు తీసేది?” అంది అత్తగారు.

“నాకు పరీక్ష,” అంది కూతురు.

వంటింటి కుళాయి మూడు రోజులుగా కారుతోంది. ప్లంబర్ కోసం ఇంట్లో ఎవరుండాలన్న తగవూ అన్నాళ్ళదే. ముగ్గురూ ఆమె వైపు చూశారు. వాళ్ళ దృష్టిలో ఆమె నీటిశుద్ధి కేంద్రంలో రిపోర్టులు తీసే గుమాస్తా. నిఘా విభాగంలో మాత్రం ఏజెంట్ చీపురు.

ఫోను మోగింది. “కుట్టుమిషను అమ్ముతారా?” విభాగం పెద్దాయన గొంతు.

“సూది విరిగింది,” జవాబు సంకేతం చెప్పిందామె, వసారాలోకి నడుస్తూ.

“పదింటికి విదేశీ ముఠా మనిషి మీ కేంద్రం గేటు దాటతాడు. మంచినీళ్ళ ట్యాంకులో విషం.”

“వాడి దొంగపేర్లన్నీ గేటు జాబితాలో నిషిద్ధుల్లో ఎక్కించాంగా సార్?”

“అయినా ధీమాగా వస్తున్నాడు. అదే నా భయం.”

తొమ్మిదీ నలభైకి ఆఫీసు చేరింది. సాయానికని విభాగం పంపిన ఏజెంట్ నెమలి ఎదురొచ్చింది. ఎత్తు మడమలు, ఖరీదైన సెంటు. “ఇవాళ్టి జాబితా రిపోర్టు తీసి గేటుకి నేనే పంపేశా అక్కా. కాస్త కూర్చోరాదూ, కళ్ళకింద ఆ నలుపేంటి?”

పొద్దుట్నుంచీ విన్న మొదటి మంచిమాట. నిజంగానే కూర్చోబోయింది. అలవాటు కొద్దీ ఆ రిపోర్టు నకలు చేతిలోకి తీసుకుంది.

ముందు అనుమతి ఉన్నవాళ్ళు, అడుగున నిషిద్ధులు. ఎప్పుడూ అదే వరస. ఇవాళ నిషిద్ధుల నడుమ ఒక ‘అనుమతి’ ఇరుక్కుని ఉంది. మీటర్ల మెకానిక్.

డేటాబేస్ వరస పేర్చేది లోపల నమోదైన అసలు విలువను బట్టి. కాగితం మీద ఏం కనపడాలో మనం చెప్పినట్టు చూపిస్తుంది. విలువ మారిస్తే విభాగానికి కబురు వెళ్తుంది, కనపడే మాట మారిస్తే ఎవరూ అడగరు. ఆ ఒక్క పేరుకి ‘నిషిద్ధం’ బదులు ‘అనుమతి’ అని మాట మార్చి, వరస సంగతి మరిచారు.

తొమ్మిదీ యాభైఎనిమిది. టిఫిన్ డబ్బా మూత తిప్పి, అందులోని రేడియోలో అంది: “గేటు! మీటర్ల వాణ్ణి ఆపు!”

“అనుమతి అని ఉందమ్మా!”

“కాగితం అబద్ధం. ఆపరా బాబూ!”

గేటు దడాలున పడింది. సంచిలో నాలుగు సీసాలు దొరికాయి.

నెమలి చెయ్యి హ్యాండ్‌బ్యాగులోని పిస్తోలు వైపు వెళ్ళింది. రోజూ తడిబట్టలు పిండే చెయ్యి ఆ మణికట్టును మెలితిప్పింది.

“ఎలా తెలిసింది?” అంది నెమలి.

“ఆ పేరుకి ముస్తాబు బాగానే చేశావు చెల్లీ. జాబితాలో అది కూర్చున్న చోటే తప్పు.”

సాయంత్రం ఇంటికొచ్చేసరికి, ఎవరూ తలుపు తీయక ప్లంబర్ వెళ్ళిపోయాడని తెలిసింది. మళ్ళీ ఆరు కళ్ళు ఆమె మీదే.

“రేపు నేను ఇంట్లోనే ఉంటా.”

ముగ్గురి మొహాలూ విప్పారాయి.

“పడుకోవడానికి,” అంది నెమ్మదిగా. “తలుపు ఎవరు తీస్తారో మీరు తేల్చుకోండి.”

కుళాయి కారుతూనే ఉంది. నీళ్ళు మాత్రం శుభ్రంగా ఉన్నాయి.