రెండో గేటు బ్యాటరీలు

జడ్జిగారు నీళ్ల గ్లాసు పెదాల దాకా తీసుకెళ్లారు. తాగలేదు. మూడో వరసలో కూర్చున్న మనిషి లేచి ఒకే ఒక్క తూటా పేల్చాడు. గ్లాసు కిందపడి పగిలేలోపే తలుపు దాటేశాడు.

అంత మంది మధ్యకి పిస్టల్ ఎలా వచ్చిందన్నదే ప్రశ్న. గేటు దగ్గర ముగ్గురు గార్డులు, ముగ్గురి చేతుల్లో మూడు మెటల్ డిటెక్టర్లు. చూడ్డానికి మూడూ కొత్తవే. అతను లోపలికొచ్చిన ఆ పది నిమిషాలూ మూడూ చచ్చి ఉన్నాయి.

"బ్యాటరీలు," అన్నాడు చీఫ్. "అంతే."

బల్లకి ఇవతల కూర్చున్న ఆవిణ్ణి డిపార్ట్‌మెంట్‌లో అందరూ పిన్ని అంటారు. అసలు పేరు చీఫ్ బీరువాలోని ఫైల్లో ఉంది. యాభై రెండేళ్లు, పదో తరగతి చదువు, ముప్పై ఏళ్ల సర్వీసు. పిస్టల్ పట్టే ఏజెంట్ కాదు. వైర్‌లెస్ సెట్లు, గుండీలో దాచే కెమెరాలు, చెవిలో పెట్టుకునే రిసీవర్లు, వీటన్నిటికీ ప్రాణం పోసే మనిషి. ఏజెంట్ ఎంత మొనగాడైనా చేతిలో బ్యాటరీ చస్తే వాడి పనీ అంతే కదా, అని ఆవిడకి ఎప్పుడూ భయం. ఆ భయం వల్లే ఇన్నేళ్లలో ఆవిడ చార్జ్ చేసి ఇచ్చిన సెల్ ఒక్కటీ ఎవరినీ మధ్యలో వదిలెయ్యలేదు.

చీఫ్ బ్రీఫింగ్ క్లుప్తంగా చెప్పాడు. విదేశీ ముఠా. వాళ్ల దగ్గర తొమ్మిదేళ్లు కారు నడిపిన డ్రైవర్ మనవైపు వచ్చాడు. గురువారం పదకొండింటికి విచారణ హాల్లో సాక్ష్యం చెబుతాడు. అతను నోరు తెరవకముందే చంపాలని వాళ్ల ప్లాన్. హాలుకి మూడు గేట్లు, గేటుకి మూడు డిటెక్టర్లు. వాటికి రీచార్జబుల్ సెల్స్ అద్దెకిచ్చే కంపెనీ ముఠాదే; ఆ సంగతి మనకి తెలిసినట్టు వాళ్లు పసిగట్టకూడదని కాంట్రాక్టు రద్దు చెయ్యలేదు. పిన్ని రేపటినుంచి ఆ హాల్లో మెయింటెనెన్స్ టెక్నీషియన్.

"లోపల మనవాళ్లు ఎవరున్నారు?" తెలిసే అడిగింది పిన్ని.

"నెమలి ఉంది."

నెమలి అంటే డబుల్ ఏజెంట్. ముఠా కంపెనీలో సేల్స్ ఆఫీసర్‌గా చేరి, వాళ్ల మనిషిలా నటిస్తూ కబుర్లు ఇటు చేరవేస్తుంది. ఆ అమ్మాయి నవ్వితే సెక్యూరిటీ వాళ్లు రిజిస్టర్ రాయడం మర్చిపోతారని డిపార్ట్‌మెంట్‌లో చెప్పుకుంటారు. నెమలి పిన్నికి ఒక్కగానొక్క కూతురు. పద్నాలుగు నెలలుగా తల్లి ఆ మొహం చూడలేదు.

చీఫ్ గొంతు తగ్గించాడు. నెమలి కబుర్లు ఈమధ్య రెండుసార్లు ఒకరోజు ఆలస్యంగా వచ్చాయట. జడ్జిగారి సంగతి ఆయన పోయాక తెలిసిందట. గురువారం ఆమె కూడా అక్కడికొస్తుంది కాబట్టి, కాపాడ్డానికి గేట్ల దగ్గర ఇద్దరు షాడో మెన్‌ని, అంటే మఫ్టీ కాపలావాళ్లని, పెడుతున్నానన్నాడు. అమ్మాయి ఇంకా మనదైతే వాళ్లు అక్కడే ఉంటారు. అటు తిరిగిపోయి ఉంటే మాత్రం వాళ్లని సాక్షి దగ్గరికి మార్చేస్తానన్నాడు. మనుషులు తక్కువ.

"తల్లిగా వద్దు. టెక్నీషియన్‌గా చూసి చెప్పు, పిన్నీ. అమ్మాయి మనదేనా, కాదా?"

పిన్ని సరేనంది.

హాలు కింద బేస్‌మెంట్‌లో ఆవిడకో గది ఇచ్చారు. ఒక టేబుల్, రెండు చార్జర్లు, గోడకి ఒక గడియారం. బుధవారమంతా తను తెచ్చుకున్న పాత సెల్స్ సర్దడంతో సరిపోయింది. ఎక్కువ కెపాసిటీ అని పెద్ద అంకె అచ్చేసిన సెల్‌ని ఆవిడ నమ్మదు. రాసినదాన్ని కాక, చార్జ్ ఎంత పట్టి నిలిపిందో చూసే ఎంచుకుంటుంది. ఏ నాలుగూ కలిసి ఒక డిటెక్టర్‌లో పనిచేస్తే ఆ నాలుగుకీ ఒకే రంగు గోళ్ల రంగుతో చుక్క పెడుతుంది. వాటిని విడదీయదు, కొత్తదాన్ని పాతవాటితో కలపదు. వేడెక్కితే చార్జర్ ఆపేసి చల్లారనిస్తుంది. కొసలకి మురికి పడితే పెన్సిల్ రబ్బరుతో తుడుస్తుంది.

రెండో గేటు గార్డు, మీసాలాయన, గుమ్మంలో నిలబడి అంతా చూశాడు. "పిన్నీ, మా ఆవిడ నన్ను కూడా ఇంత శ్రద్ధగా చూసుకోదు," అన్నాడు.

"నువ్వు రాత్రంతా చార్జింగ్‌లో ఉన్నా పొద్దున లేవవుగా," అంది పిన్ని. ఆ నెలలో ఆవిడ వేసిన జోకు అదొక్కటే.

గురువారం పొద్దున ఎనిమిదిన్నరకి కంపెనీ వాళ్లు వచ్చారు. విచారణ ఉన్న ప్రతిరోజూ చార్జ్ చేసిన కొత్త సెట్లు ఇవ్వడం వాళ్ల కాంట్రాక్టు. ముందు ఎత్తు మడమల చెప్పుల చప్పుడు, తరువాత సెంటు వాసన, ఆ తరువాత నల్ల కళ్లద్దాలు. వెనకే బూడిదరంగు సూట్‌లో సూపర్‌వైజర్. అతని పని ఆ అమ్మాయి మీంచి కళ్లు తిప్పకపోవడమేనని పిన్నికి చూడగానే తెలిసింది.

అమ్మాయి చిక్కిపోయింది. మెడ దగ్గర ఎముక బయటికొచ్చింది. అన్నం తింటున్నావా అని అడగడానికి లేదు. జ్వరమేమైనా వచ్చిందా అని నుదుటిమీద చెయ్యి పెట్టడానికి లేదు.

"సంతకం ఎక్కడ చెయ్యాలండీ?" అంది పిన్ని.

"ఇక్కడ, మేడమ్," అంది కూతురు.

పిన్ని కోడ్ ప్రశ్న వేసింది. అంతా క్షేమమైతే నెమలి 'వాడే చేతిని బట్టి' అనాలి. ప్రమాదముంటే 'కంపెనీ గ్యారంటీ' అనాలి.

"ఇవి ఎన్నాళ్లు నిలుస్తాయండీ?"

అమ్మాయి కళ్లద్దాలు తియ్యలేదు. "వాడే చేతిని బట్టి ఉంటుంది, మేడమ్."

చెప్పుల చప్పుడు మెట్లెక్కి వెళ్లిపోయింది. క్షేమమనే అంది అమ్మాయి. అయినా పిన్ని తలుపు గడియ పెట్టి, కుట్టుపని డబ్బా తెరిచింది. పైన దారపు ఉండలు, సూదులు. కింది అరలో పన్నెండు చిన్న బల్బుల బోర్డు. ఊరికే మీటర్ పెడితే డొల్ల సెల్ కూడా నిండుకుండలా అంకె చూపిస్తుంది. బల్బు వెలిగించే పని చెప్పి కాసేపు చూస్తేనే దాని సత్తువ బయటపడుతుంది. దీన్ని లోడ్ పెట్టడం అంటారు.

మొదటి గేటు పెట్టెలోవి పన్నెండు సెల్స్ పెట్టింది. పావుగంట అయినా బల్బులు చెక్కుచెదరలేదు. రెండో గేటు పెట్టెలోవి పెట్టింది. అయిదు నిమిషాలు బాగానే వెలిగాయి. పదో నిమిషంలో ఒక బల్బు ఎర్రబడింది. తరువాత ఇంకొకటి. పన్నెండో నిమిషానికి బోర్డంతా చీకటి. మూడో గేటువి మళ్లీ బంగారంలా నిలబడ్డాయి.

పైన మంచి కంపెనీ తొడుగు, లోపల డొల్ల. గార్డులు పదిన్నరకి డిటెక్టర్లు ఆన్ చేస్తే పదీ నలభై దాటాక మూగబోతాయి. పదకొండింటికి సాక్షి మైకు ముందుకొస్తాడు.

పొరపాటున జరిగిందనుకోవడానికి వీల్లేదు. ఈ అమ్మాయికి ఎక్కాలు రాకముందే లోడ్ పెట్టడం వచ్చు. వంటింటి గట్టుమీద కూర్చోబెట్టి తనే నేర్పింది. తెలిసే తెచ్చింది. తెలిసే క్షేమం అంది. మనిషిని పద్నాలుగు నెలలు వాళ్ల మధ్య వదిలేస్తే ఏమవుతుందోనని రోజూ పడ్డ భయమంతా నిజమైపోయిందనుకుంది పిన్ని. చెడు ఊహించుకోవడం ఆవిడకి ఊపిరి తియ్యడమంత అలవాటు. అందుకే ఆ ఊహని రెండోసారి తిప్పి చూడాలని తోచలేదు.

తొమ్మిదీ నలభైకి చెవిలోని రిసీవర్ నొక్కింది. రెండో గేటు సెల్స్ దొంగవని, తన సొంత సెట్లు వేస్తున్నానని చీఫ్‌కి చెప్పింది.

"మరి నెమలి?" అన్నాడు చీఫ్.

పిన్ని రెండో గేటు పెట్టెకి మూత పెట్టింది.

"పిన్నీ, ఖాయంగా చెప్పు. నీ మాట మీదే మనుషుల్ని కదుపుతాను."

"మనది కాదండీ."

అటువైపు పెన్ను కాగితం మీద ఒక గీత గీసిన చప్పుడు వినిపించింది.

ఆవిడ రెండో గేటు డిటెక్టర్లు మూడూ విప్పి, గోళ్ల రంగు చుక్కల సెట్లు వేసింది. మూడేళ్ల పాతవి, కానీ తను ఎరిగినవి. పైకెళ్లి మీసాలాయన పక్కన స్పేర్ పెట్టె పట్టుకుని నిలబడింది. ఎదురుగా, మూడు గేట్లూ కనిపించే చోట, రెండు స్తంభాలు. పొద్దుటినుంచి వాటికి ఆనుకుని పేపర్లు చదువుతున్న ఇద్దరు మనుషులు పేపర్లు మడిచి హాల్లోకి వెళ్లిపోవడం ఆవిడ చూసింది. తలుపు మూసుకునేదాకా చూస్తూనే ఉంది.

క్యూ కదిలింది. పదీ నలభై. పదీ నలభై ఏడు. డిటెక్టర్లు తాళాలకీ, బెల్టులకీ మోగుతూనే ఉన్నాయి.

పదీ యాభై ఆరుకి ఒక జంట వచ్చింది. మగమనిషికి కుడిచేతికి మోచెయ్యి దాకా పిండికట్టు, మెడలోంచి వేలాడే గుడ్డ. అతని ఎడమచెయ్యి పట్టుకుని నల్ల కళ్లద్దాల అమ్మాయి. ఎవరు చూసినా పాపం, దెబ్బ తగిలిన మొగుణ్ణి భార్య నడిపిస్తోందనుకుంటారు.

మీసాలాయన మర్యాదగా డిటెక్టర్ పిండికట్టు మీదుగా పోనిచ్చాడు.

అది మోగింది.

ఆ మనిషి గార్డు వంక చూడలేదు. పక్కనున్న అమ్మాయి వంక చూశాడు. సెల్స్ తెచ్చింది ఆమె. ఆ చూపులో అంతా ఉంది. పిండికట్టు కొసనుంచి పొగ వచ్చింది, చప్పుడొచ్చింది. రెండో తూటాకి వేలు బిగిసేలోపు మీసాలాయన తన బరువంతా వేసి అతని మీద పడ్డాడు. లోపల మైకు ముందు డ్రైవర్ గొంతు సవరించుకున్నాడు. తన పేరు చెప్పాడు. తరువాత ముఠా పేరు చెప్పాడు. గడియారం పదకొండు కొట్టింది.

పిన్ని నేలమీద కూర్చుని, కూలిపోయిన అమ్మాయి తల ఒళ్లోకి తీసుకుంది. నల్ల కళ్లద్దాలు ఊడి ఎక్కడో పడ్డాయి. కళ్లు చిన్నప్పటివే.

"అమ్మా, లోడ్ పెట్టి చూశావు కదూ."

"చూశానమ్మా. మాట్లాడకు. డాక్టర్ వస్తున్నాడు."

"చూస్తావని తెలుసు. వాళ్లు మూడు గేట్లకీ డొల్లవే ఇమ్మన్నారు. నేను ఒక్క రెండో గేటుకే పెట్టాను. వీడు ఏ గేటులో వస్తాడో నీకు తెలియాలిగా."

"మరి క్షేమమన్నావెందుకే?"

అమ్మాయి నవ్వబోయింది. "ప్రమాదం అంటే నువ్వు ఊరుకుంటావా? హాలే మూయించేస్తావు. వీడు ఇంకోరోజు వస్తాడు." ఊపిరి అందక ఆగింది. స్తంభాల వైపు తల తిప్పింది. "మన వాళ్లిద్దరూ అక్కడే ఉంటారన్నారు. కనిపించరేమిటే అమ్మా?"

ఆ ఖాళీ స్తంభాల వైపు పిన్ని చూడలేకపోయింది.

"వస్తున్నారమ్మా," అంది. "ఇదిగో, వచ్చేస్తున్నారు."

అమ్మాయి సరేనన్నట్టు కళ్లు మూసుకుంది. డాక్టర్ వచ్చినా ఇంక తెరవలేదు.

సాయంత్రం నాలుగింటికి చీఫ్ పిన్నిని పిలిపించాడు. ఈసారి ఆయన బల్లకి అవతల కాక, ఆవిడ పక్క కుర్చీలో కూర్చున్నాడు. ముఠా మొత్తం పట్టుబడిందన్నాడు. సూపర్‌వైజర్ కూడా దొరికాడట. వాడు చెప్పినదాన్ని బట్టి నెమలి మీద వాళ్లకి రెండు నెలలుగా అనుమానమట. ఆమె మీద కాపలా పెట్టారట. కబుర్లు ఆలస్యమైంది అందుకేనట. అదంతా చెబుతున్నంతసేపూ ఆయన నేల వంకే చూశాడు.

తరువాత రిపోర్టు ఆవిడ ముందు పెట్టాడు. మొత్తం ఒక్క పేజీ. కింద ఒక వరస ఉంది. మన వైపు ప్రాణనష్టం: లేదు.

పిన్ని ఆ వరస మీద వేలు పెట్టింది.

చీఫ్ మెల్లగా చెప్పాడు. తొమ్మిదీ నలభైకి నెమలి పేరు లిస్టులోంచి కొట్టేశారు. పదీ యాభై ఆరుకి ఆమె డిపార్ట్‌మెంట్ మనిషి కాదు. మళ్లీ ఎక్కించాలంటే పేరు కొట్టేయించిన సమాచారం తప్పని రుజువు కావాలి, పట్టుబడ్డ ముఠావాడి మాట చాలదు. ఆ సమాచారం ఇచ్చినవాళ్ల సర్వీసు రికార్డు పైనున్నవాళ్లు తెప్పించుకుని చూశారట.

"ఏమన్నారు?" అంది పిన్ని.

ముప్పై ఏళ్లలో ఆవిడ సరిచూసి చెప్పిన మాట ఒక్కటీ తప్పు కాలేదట, ఇప్పుడు మాత్రం ఎందుకవుతుందన్నారట.