ఆగని పాట

ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకి చూస్తే చర్చి మ్యూజిక్ రూంలో కీబోర్డు లేదు. స్టాండు ఉంది. కొత్త స్పీకర్లు, మైకులు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. తాళం పగిలి నేలమీద పడి ఉంది.

"కొత్తవి వదిలేసి పాత కీబోర్డు పట్టుకెళ్లాడా? బుర్రలేని దొంగ," అంది ఇన్‌స్పెక్టర్.

సంఘం సెక్రటరీ నవ్వలేదు. రిటైర్డ్ హెడ్మాస్టరు. ఆయన నవ్వి ఏళ్లయిందని మొహమే చెబుతోంది.

"దొంగ ఎవరో తెలుసు మేడమ్. ఆ అమ్మాయే. చర్చి పరువు తీయాలని పంతం పట్టింది."

ఆ అమ్మాయికి ఇరవై రెండేళ్లు. పదేళ్లప్పుడు ఈ గదిలోనే, సంగీతం పాఠం పేరుతో, పాస్టర్ తనమీద అఘాయిత్యం చేశాడని మూడు నెలల కిందట చర్చి కమిటీకి ఫిర్యాదు చేసింది. కమిటీ వినలేదు. కోర్టుకి వెళ్తానంది. వెళ్తే పరువునష్టం దావా వేస్తామని చర్చి నోటీసిచ్చింది.

చర్చికి ఉన్న ఒకే ఒక్క సాక్షి ఆ అమ్మాయి కన్నతల్లి. పదకొండింటికి ఆమె చర్చి లాయరు ముందు, అలాంటిదేమీ జరగలేదన్న కాగితం మీద సంతకం పెట్టాలి. పెడితే కూతురి నోరు ఇక శాశ్వతంగా మూతపడినట్టే.

తల్లి వరండాలో బెంచీ మీద కూర్చుంది. పోలీసులు పిలిస్తే వచ్చిన కూతురు హెల్మెట్ పట్టుకుని మెట్ల దగ్గర నిలబడింది. మూడు నెలలుగా ఇద్దరికీ మాటల్లేవు.

"మీరేం చూశారమ్మా?" ఇన్‌స్పెక్టర్ అడిగింది.

"చూడలేదు, విన్నాను. ఏడాదిపాటు ప్రతి శనివారం ఇక్కడే కూర్చున్నా. గంటసేపు పాట వినిపిస్తూనే ఉండేది. అది వాయిస్తుంటే అలాంటివెలా జరుగుతాయి మేడమ్? కడుపున పుట్టిందని అబద్ధానికి తల ఊపమంటారా?"

"మధ్యలో ఆగేది కాదా?"

"ఒక్కసారీ ఆగలేదు. ఒక్క తప్పూ లేదు. నలుగురికీ చెప్పుకుని మురిసిపోయాను."

"మొదటి వారం కూడానా?"

"మొదటి వారం కూడా."

ఇన్‌స్పెక్టర్ సెక్రటరీ వైపు తిరిగింది.

"ఈ అమ్మాయి తిరిగేది స్కూటీ మీద. దాని మీద అంత పొడుగు కీబోర్డు మోస్తే ఊరంతా చూసేది. ఇక్కడ కారున్నది మీకొక్కరికే. డిక్కీ తెరవండి."

"వారెంటుందా?"

"తెప్పిస్తాను. అందాకా మా కానిస్టేబుల్ మీ కారు పక్కనే నిలబడతాడు. ఆరాధనకొచ్చే వాళ్లంతా చూస్తారు. మీ ఇష్టం."

పరువు అనే మాటకి ఆయన ప్రాణమిస్తాడు. తాళంచెవి ఇచ్చేశాడు.

డిక్కీలో దుప్పటి కింద కీబోర్డు దొరికింది. ఇన్‌స్పెక్టర్ దాన్ని గదిలోకి తెప్పించి, ప్లగ్గు పెట్టి, రికార్డు చేసి ఉంచిన పాటలు వినిపించే మెమరీ బటన్ నొక్కింది. రెండు చేతులూ పైకెత్తింది.

పాట దానంతటదే మోగుతోంది.

గుమ్మంలో తల్లి కొయ్యబారిపోయింది. "ఇదే. ఇదే పాట."

"మా అబ్బాయి ఆర్నెల్లుగా నేర్చుకుంటున్నాడమ్మా. ఒక్క లైనులో నాలుగుసార్లు తప్పుతాడు. పక్కింటివాళ్లు మాతో మాట్లాడ్డం మానేశారు. అసలేమీ రాని పిల్ల మొదటి వారమే తప్పు లేకుండా గంటసేపు వాయిస్తుందా? మీరు విన్నది మీ అమ్మాయిని కాదు, మెషీన్ని."

"నాకిప్పటికీ ఆ పాట రాదమ్మా," అంది కూతురు. "కమిటీకి ఇదే చెప్పాను. నీకు చెప్పబోతే చెవులు మూసుకున్నావు."

అందుకే ఆ సాక్ష్యం కోర్టుకి చేరకుండా సెక్రటరీ కీబోర్డు మాయం చేసి, నెపం ఆ అమ్మాయి మీదికి నెట్టాడు.

తల్లి గోడ పట్టుకుని నేలమీద కూలబడింది. "గోడకివతలే ఉన్నాను కదే. ఒక్క కేక వెయ్యకపోయావా?"

"వేశాను. సౌండ్ పెంచాడు."

తల్లి గుండెలు బాదుకుంది. ఆ ఏడుపు వినలేక కానిస్టేబుల్ బయటికి వెళ్లిపోయాడు.

"పాస్టర్ ఎక్కడ?" ఇన్‌స్పెక్టర్ గొంతు మారింది.

"ఫిర్యాదు రాగానే బదిలీ చేశాం," అన్నాడు సెక్రటరీ. "పక్క ఊరి చర్చికి."

"అక్కడేం చేస్తున్నాడు?"

ఆయన తల దించుకున్నాడు.

"సండే స్కూలు చూసుకుంటున్నాడు."

తల్లి ఏడుపు ఠక్కున ఆగింది. కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. కూతురి చెయ్యి పట్టుకుంది.

"బండి తియ్యవే. ఇవాళ ఆదివారం. పిల్లలు వచ్చేసి ఉంటారు."

"బండి వద్దు," అంది ఇన్‌స్పెక్టర్, అప్పటికే పరిగెడుతూ. "జీపెక్కండి."