గోడలో దొరికిన కెజీయా

బాంకోలే మాస్టారు అబియోసే చేత మొదటిసారి చీవాట్లు తిన్నది మా ఫ్రీటౌన్ కొండల మీది సెయింట్ బర్నబాస్ చర్చిలోనే. అదీ నలుగురి ముందు.

చర్చి వార్షికోత్సవం దగ్గర పడుతోంది. ఆ రోజు చర్చి చరిత్ర చెప్పే పనిని, మాకు ప్రార్థనలు జరిపే అయ్యగారు మా బడిలో పాఠాలు చెప్పే ఈ కుర్రాడికి అప్పగించారు. ఒక సాయంత్రం పాటల సాధన అయ్యాక గాయకబృందాన్ని కూర్చోబెట్టి వినిపించడం మొదలుపెట్టాడు. ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక పాదిరీ ఈ గోడలు కట్టాడు, ఒక గవర్నరు పునాదిరాయి వేశాడు అంటూ గడగడా సాగిపోతున్నాడు. వెనక వరసలోంచి అబియోసే లేచింది. బట్టలు కుడుతుంది, బాగా పాడుతుంది, మాటైతే ఎవరి చేతా పడదు.

"మాస్టారూ, ఆ పాదిరీ గారు వాగులోంచి రాళ్లు నెత్తిన పెట్టుకుని మోశారంటారా?"

అందరూ నవ్వారు. రాళ్లు మోసింది మా టోలా అవ్వ, ఆవిడతో పాటు ఈ ఊరి ఆడవాళ్లూ అని ఆ పిల్ల గట్టిగా చెప్పింది. టోలా అవ్వ అంటే వాళ్ల ఏడుతరాల వెనకటి ముసలమ్మ. దానికి సాక్ష్యం ఏమిటండీ అని మాస్టారు అడిగాడు. అడక్కుండా ఉండాల్సింది.

ఆ మాట డెకర్ అవ్వ చెవిన పడింది. అబియోసేని పెంచిన నానమ్మ ఆవిడ. మర్నాడు మాస్టారు టోలా అవ్వ కథ విందామని వెళితే, సాక్ష్యం ఉన్న ఇంటికే పొమ్మని మొహం మీదే తలుపేసింది. తలుపు సందులోంచి మనవరాలు నవ్వింది. అంతే, మాస్టారి పని అయిపోయింది. ప్రేమలో పడ్డాడు గానీ, తలుపేసిన ఇంటి పిల్లని అడిగే ధైర్యం ఎక్కడిది పాపం?

ఈలోగా ఉత్సవానికి కొత్త సున్నం వేద్దామని పాత సున్నం గోకుతుంటే, పడమటి తలుపు పక్క ఒక రాయి బయటపడింది. దాని మీద ఒకే ఒక్క పేరు, కెజీయా. చూసింది మాస్టారూ అయ్యగారూ మాత్రమే. ఉత్సవం నాడు అందరికీ ఒకేసారి చూపిద్దామని రాయికి అడ్డంగా బీరువా జరిపేశారు.

ఆ కెజీయా ఎవరో తేల్చకపోతే మాస్టారికి నిద్ర పట్టేలా లేదు. రాయి సంగతి చెప్పడు, పేరు మాత్రం అడుగుతాడు. ఇంటింటికీ తిరిగి, కెజీయా అన్న ఆవిడ ఎవరింటి మనిషో తెలిస్తే చాలు, నా జన్మ ధన్యం అనేవాడు. డెకర్ అవ్వ ఇల్లు ఒక్కటే వదిలేశాడు.

ఇక్కడే వచ్చింది తంటా. బానిస ఓడల్లోంచి విడిపించి మా పెద్దల్ని ఈ ఫ్రీటౌన్ కొండల మీద దింపినప్పుడు, పాదిరీలు బైబిల్లోంచి తలా ఒక పేరు పెట్టారు. అది చర్చికి. వాళ్లు వెంట తెచ్చుకున్న పేరు ఇంటికి. ఇప్పటికీ మాకు అంతే. చర్చి పేరు బాప్తిస్మం నాడు ఒకసారి, పెళ్లి ప్రకటన చదివేటప్పుడు ఒకసారి వినబడుతుంది. మధ్యలో ఎవరికీ గుర్తుండదు.

అబియోసే చర్చి పేరు కెజీయా.

మాస్టారు ఊరంతా నీ కోసం అడుగుతున్నాడని ఆమెకి ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే ఆ పేరు ఆమెదేనని ఎవరికీ తెలీదు. రొట్టెలమ్మే రెమీ వచ్చి, ఎవరో కెజీయా కోసం మాస్టారు పిచ్చివాడైపోతున్నాడే అని చెప్పి నవ్వింది. అబియోసే చేతిలో సూది ఆగిపోయింది. చర్చి పేరు తెలుసుకుని మరీ అడుగుతున్నాడంటే అర్థమేమిటి? పెళ్లి ప్రకటన చదివించడానికి కాకపోతే ఆ పేరుతో మగవాడికి ఏం పని?

అప్పటి నుంచి ఆ పిల్ల నోరు మెత్తబడింది. సాధనలో మాస్టారు కనిపిస్తే పాట తప్పేది. ఆయన ఏం అడిగినా అవునండీ అనేది. ఈ మర్యాద చూసి, నా మీద కోపం ముదిరిందని మాస్టారు ఇంకా బెంగ పెట్టుకున్నాడు.

ఉత్సవం దగ్గరికొచ్చినా ఈయన నోరు విప్పడే! ఒకరోజు వాన పట్టుకుని ఇద్దరూ చర్చి వరండాలో చిక్కుకున్నారు. రేకుల మీద వాన చప్పుడికి పక్కమనిషి మాట కూడా వినిపించడం లేదు. అబియోసే ఇక ఆగలేక దగ్గరికి జరిగింది.

"ఊరందరినీ అడగడం ఎందుకండీ? పెళ్లి ప్రకటన చదివించాలంటే మా నానమ్మని అడగొచ్చుగా."

"ఎవరి పెళ్లి?"

"కెజీయాది."

"ఆవిడ చచ్చిపోయి వందేళ్లు దాటి ఉంటుందండీ!"

అబియోసే మొహం చూశాక గానీ మాస్టారికి విషయం తట్టలేదు. తట్టాక అయినా సరైన మాట అన్నాడా? లేదు. "మీ పేరు కెజీయానా? ఎవరు పెట్టారు?" అని ఎగిరి గంతేశాడు. ఆ పిల్ల వానలోకి దిగి వెళ్లిపోయింది.

తన బుద్ధికి తనే నాలుగు వేసుకుని మాస్టారు వెనకే పరుగెత్తాడు. డెకర్ అవ్వ గుమ్మంలోనే ఉంది. ముందు రాయి సంగతంతా ఒప్పుకోలు చెప్పినట్టు చెప్పేశాడు. అప్పుడు అవ్వ అసలు సంగతి విప్పింది. టోలా అవ్వకి పాదిరీ పెట్టిన పేరే కెజీయా అనీ, ఆ పేరుతో ఎవరు పిలిచినా ఆవిడ పలికేది కాదనీ, ప్రతి తరంలో పెద్దపిల్లకి ఆ పేరు చర్చిలో మాత్రం పెడతామనీ, తనదీ అదేననీ చెప్పింది. కళ్లు తుడుచుకుంది.

"మా అవ్వని గోడలో పెట్టి, ఇన్నాళ్లూ సున్నం కొట్టేశారన్నమాట. సరే, నీ చరిత్ర నీకు దొరికింది. ఇక వెళ్లు."

"ఆదివారం ఉత్సవంలో ఆవిడ రెండు పేర్లూ చెబుతాను అవ్వా. కానీ నేనిప్పుడు వచ్చింది దానికి కాదు. తలుపేసిన రోజు నుంచీ నాకు మీ మనవరాలంటే ప్రాణం. ఆవిడ చర్చి పేరు కూడా ఇవాళ్టిదాకా నాకు తెలీదు. ఇప్పుడు లోపల ఏడుస్తోంది, నా వల్లే."

"నేనేం ఏడవట్లేదు," అని లోపల్నుంచి వినబడింది, ఏడుపు గొంతుతో.

అవ్వ నవ్వు ఆపుకోలేదు. పద్ధతి ప్రకారం మీ పెద్దల్ని తీసుకొచ్చి, మీ తోటలో గులాబీ ఉందట, మాకిస్తారా అని పిల్లని అడిగించమంది. వచ్చినవాళ్లని ఆటపట్టించడానికి, అసలు పిల్ల కంటే ముందు ముసలమ్మల్ని ఒక్కొక్కరినే ఇదేనా మీ గులాబీ అని బయటికి పంపుతామనీ, అడగడానికొచ్చిన మీ బాబాయి ఎవరైనా పొరపాటున తననే ఒప్పుకుంటే తనకేం అభ్యంతరం లేదనీ చెప్పి, వంటగదిలోకి వెళ్లిపోయింది.

అబియోసే తువ్వాలు తెచ్చి చేతికిచ్చింది. మాస్టారు తల తుడుచుకోవడం మర్చిపోయి నిలబడ్డాడు. ఇక మీదట ఏ పేరుతో పిలవమంటారని అడిగాడు.

"చర్చిలో ఏ పేరైనా చదివించుకోండి," అంది. "ఇంట్లో మాత్రం అబీ అని పిలవాలి."