డాక్టరుగారు అనని అక్షరం

"నా మిషనేదీ?!"

అత్తగారి కేకకు ఇల్లంతా అదిరిపడింది. ఏళ్ళ తరబడి కిటికీ పక్కనున్న కుట్టుమిషను అక్కడ లేదు! మసకకళ్ళతో చేతులు చాచి తడిమింది. ఉత్త గోడ తగిలింది.

"పై గదిలో పెట్టించానత్తయ్యా. మొన్న సూది వేల్లో దిగింది కదా... చూపొచ్చాక మళ్ళీ కిందికి దింపిద్దాం" అంది కోడలు మెల్లగా.

ఆ మెల్లదనమే ఆవిడకు గిట్టలేదు. నిన్న హాల్లోంచి బల్లా కుర్చీలూ మాయం! కొడుకూ కోడలూ ఎప్పుడు చూసినా గుసగుసలు, తను దగ్గితే చాలు గప్‌చుప్! అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా? తనను పెద్దకొడుకింటికి సాగనంపడానికే ఈ సర్దుడంతా అని ఆవిడ తేల్చేసుకుంది. లేకపోతే ఇంత తొందరేమిటి? కంటి ఆపరేషనయ్యాక డాక్టరుగారు ఇంగ్లీషులో ఏదో చెబుతూ "లిటిల్ హోప్" అనడం తన చెవినా పడింది. "చూపొస్తుందని కొంచెం ఆశ ఉందంటున్నారత్తయ్యా" అని చెప్పింది ఈ మహాతల్లే! మరి ఆ కొంచెం కోసం నాలుగు రోజులు ఆగలేకపోతోందా? రెక్కలు ముక్కలు చేసుకుని, ఊరందరి జాకెట్లూ కుట్టి కొడుకుల్ని చదివించిన తనకా ఈ గతి! దిండులో మొహం దాచుకుని కుమిలి కుమిలి ఏడ్చింది.

సాయంత్రం ముందుగదిలో కోడలు పిల్లలకు చెప్పే ఇంగ్లీషు ట్యూషను మొదలైంది. తన మాటేమైనా దొర్లుతుందేమోనని అత్తగారు గోడకు చెవి ఆనించింది.

"'ఎ లిటిల్ వాటర్' అంటే కొంచెం నీళ్ళున్నాయని. ముందున్న ఆ 'ఎ' తీసేసి ఉత్త 'లిటిల్ వాటర్' అన్నామనుకోండి... లేనట్టే లెక్క." ఎందుకో కోడలు పాఠం అక్కడే ఆపేసింది. "ఇవాళ్టికి చాలు, వెళ్ళండి."

పిల్లలు వెళ్ళేదాకా ఉగ్గబట్టుకుంది అత్తగారు.

"అమ్మాయ్, ఇలా రా. ఆ రోజు డాక్టరుగారు 'ఎ' అన్నారా, లేదా?"

"ఏ 'ఎ' అత్తయ్యా?" అంది కోడలు గుమ్మంలోంచి.

"అబద్ధమాడకు. నీ పాఠం విన్నాను."

"అనలేదత్తయ్యా!" కాళ్ళ దగ్గర కూలబడి భోరుమంది. "ఆ 'ఎ' నేనే పెట్టాను! మీరేమో నా మొహంకేసే చూస్తున్నారు... చూపు రాదని చెప్పడానికి నోరు రాలేదు. రేపు బొత్తిగా కనబడకపోయినా మీరు ఎక్కడా తగలకుండా తిరగాలనే బల్లా కుర్చీలూ తీయించాను. చెప్పేద్దామని మీ అబ్బాయి పోరుతూనే ఉన్నారు, నేనే పడనివ్వలేదు..."

అత్తగారికి అంతా అర్థమైంది. చూపు ఇక రాదు! అయ్యో, ఇలాంటి పిల్లనా తను ఇన్నాళ్ళూ అనుమానించింది! కన్నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఏ బాధకు ఏడుస్తోందో ఆవిడకే తెలియలేదు.

"ఆ లైటు వెయ్యి. మొహం ఇలా పెట్టు... ఇంకా దగ్గరికి రావే..."

రెండు చేతులతో కోడలి బుగ్గలు పట్టుకుని, కళ్ళు చిట్లించి, చాలాసేపు చూసింది.

"ఎంత చిక్కిపోయావే తల్లీ! నాతో ఒక్కరూ చెప్పరేం?"