రాజేశ్వరమ్మ ఇంటి ప్లగ్గు

అల్మాస్‌గూడల మూడో గల్లి ఆఖరు ఇల్లు రాజేశ్వరమ్మది. దాని ముంగట వీధిదీపం నిలువదు. నాలుగుసార్లు మార్చిండ్రు, నాలుగుసార్లు మాడింది. తిండి తెచ్చేటోళ్లు గల్లి మొదట్లనే బండి ఆపి, ‘మీరే ఒచ్చి తీసుకపోండ్రి’ అని ఫోన్ చేస్తరు. గీ కాలపోళ్లకు చెప్తే నవ్వుతరు. నవ్వనియ్యి. మట్టయ్య నోటెంట ఇన్నది ఇన్నట్టు చెప్తున్న, ఒక్క ముక్క కలుపలే.

మట్టయ్య కేబుల్ లైన్‌మన్. నల్లగొండ దిక్కుకెళ్లి ఒచ్చి ఇరవయ్యారేండ్ల సంది గదే పని. ఎల్‌బీ నగర్ కెళ్లి అల్మాస్‌గూడ దాక ఏ స్తంభం మీద ఎవరి వైరున్నదో చీకట్ల తడిమి చెప్తడు.

ఆ శనివారం రాత్రి వింబుల్డన్ల ఆడోళ్ల ఫైనల్. మూడో సెట్టు నడుస్తున్నది. ఠక్కున బొమ్మ పోయింది... నూట ఇరవై ఇండ్లల్ల ఒక్కపారే.

ఫోన్ మోగింది. కాలనీ సంఘం సెక్రటరీ పట్టాభి. కాకినాడ మనిషి, టెన్నిస్ అంటే ప్రాణం.

“ఏమయ్యా మట్టయ్యా! సరిగ్గా ఇప్పుడేనా? పావుగంట చూస్తాను. రాలేదో, రేపు పొద్దున్నే నూట ఇరవై సెట్‌టాప్ బాక్సులూ మీ ఆఫీసు ముందు పోయిస్తాను. ఇంటర్నెట్ వాళ్ళు గుమ్మంలోనే కూర్చున్నారు.”

అది పెట్టంగనే కేబుల్ ఓనర్ ఫోన్. పేరు దాచ. అరుణ్‌కుమార్.

“పెద్దమనిషివని ఇన్నాళ్లు పెట్టుకున్న. ఆ కాలనీ పోతే, నువ్వు గూడ పో.”

యాభై ఎనిమిదేండ్ల మనిషి. మోకాళ్లు అరిగినయి. గీ పని పోతే ఇంకెవరు పిలుస్తరు? నిచ్చెన భుజానేసుకొని బండి మీద ఉరికిండు.

లైనంత చూసుకుంట ఒస్తే తప్పు రాజేశ్వరమ్మ ఇంటికాడ దొరికింది. స్తంభం మీద యాంప్లిఫయర్ డబ్బా — దూరం పోయినకొద్ది సన్నబడే బొమ్మకు బలమిచ్చేది అదే. దాని ఎర్రలైటు ఆరిపోయి ఉన్నది.

ఆ డబ్బాకు కరెంటు కావాలె. కేబులోళ్ల రివాజు ఏందంటే, పక్కింట్ల ఒక ప్లగ్గు అడుగుతరు, బదులు ఆ ఇంటికి కనెక్షన్ ఫ్రీ. కాయిదం ఉండదు. మాటే. ఈ గల్లిల ప్లగ్గిచ్చింది రాజేశ్వరమ్మ. పోచంపల్లి చీరెలమ్మి ఇల్లు కట్టిన మనిషి. టీవీల ఆట ఒస్తే కదలకపోయేది. ఆమె పోయి రెండేండ్లు. కొడుకు టీవీ, మంచం, గిన్నెలు అన్నీ ఊడ్చుకొని నాగోల్ పోయిండు. ఇల్లు ఖాళీ. ప్లగ్గు మాత్రం అట్లనే నడుస్తున్నది.

మట్టయ్య కిటికి కాడికి పోయిండు. ఊచల సందుల టార్చ్ కొట్టిండు. ప్లగ్గు ఊడి, కింద పడి ఉన్నది.

‘ఎలుకనే’ అనుకున్నడు. చెయ్యి దూర్చి, వైరు పట్టి గుంజి, కిటికి పక్క గోడకున్న బోర్డుల పెట్టిండు. ఎర్రలైటు ఎలిగింది. హమ్మయ్య... అని ఎనుకకు తిరిగిండో లేదో —

టప్.

ప్లగ్గు మల్ల కింద.

మల్ల పెట్టిండు. టప్.

మూడోసారి పెట్టి, ఇడువకుంట గట్టిగ పట్టుకున్నడు. సల్లటి చేతి ఏళ్లు ఒచ్చినయి... మట్టయ్య చేతి మీద. గుంజలే, గీరలే. పసిపిల్ల పిడికిలి ఇప్పినట్టు, ఒక్కొక్క ఏలు మెల్లగ ఇడిపిచ్చినయి.

టప్.

ఉరుకుదామంటే... ఎక్కడికి ఉరుకుతడు? ఉరికితే బాక్సులు పోతయి, బువ్వ పోతది. ఊచలకు తలకాయ ఆనిచ్చి ఏడ్సిండు.

“అమ్మా... నా పొట్ట మీద కొట్టకు అమ్మా...”

లోపటికెళ్లి గుసగుస —

“నా వైరేది, మట్టయ్యా?”

అప్పుడు యాదికొచ్చింది. ఆమె పదకొండో దినంనాడే అరుణ్‌కుమార్ అన్నడు: ‘సచ్చినామెకు ఫ్రీ కనెక్షన్ ఎందుకు? బాక్సు పట్టుకరా, వైరు కొయ్యి. ప్లగ్గు మాత్రం ముట్టకు.’ కోసిన చెయ్యి మట్టయ్యదే. ప్లగ్గు తీసుకుంట కనెక్షన్ ఎగ్గొట్టుడు తప్పని తెల్సి గూడ కోసిండు.

స్తంభానికి నిచ్చెన ఆనిచ్చిండు. కోసిన వైరు చుట్ట ఇంక ఆడనే ఏలాడుతున్నది. కొనను పండ్లతోని చీరి, కొత్త కనెక్టర్ బిరడ తొడిగి, లైన్ల బిగిచ్చిండు.

ప్లగ్గు కాడికి ఎవ్వరూ పోలే.

ఎర్రలైటు ఎలిగింది.

గప్పుడే జేబుల ఫోన్ మోగింది. “వచ్చింది, వచ్చిందయ్యా! ఉండు, పెట్టెయ్యకు. మళ్ళీ పోతే నిన్ను వెతుక్కోలేను. అబ్బా, ఇంకొక్క పాయింటు... ఆ పొడుగమ్మాయి సర్వీసు.”

మట్టయ్య నిచ్చెన దిగి గోడకు కూలబడ్డడు. ఫోన్ స్పీకర్ల పట్టాభి ఊపిరి ఇనొస్తున్నది. కాలనీ అంత నిశ్శబ్దం.

టక్...

ఖాళీ ఇంట్లకెళ్లి. టీవీ లేని ఇంట్లకెళ్లి.

టక్... టక్... నడుమ ఒక మూలుగు. మల్ల టక్. ఎనుక జనం చప్పట్లు, సన్నగ, ఎక్కడ్నో దూరంకెళ్లి.

కిటికికాడ ఒక నిట్టూర్పు.

“అయిపాయె. పొడుగుపిల్లే గెలిచింది.”

మట్టయ్య ఫోన్ దిక్కు చూసిండు. అండ్ల పట్టాభి ఇంక గొణుగుతనే ఉన్నడు. “బంతి కొడుతోంది నేలకి... ఒకటి, రెండు... ఇంకా సర్వీసు చెయ్యలేదు...”

ఒక నిముషం. మట్టయ్యకైతే ఒక జన్మ.

ఒక్కసారిగ నూట ఇరవై ఇండ్లు అరిసినయి. పట్టాభి అయితే ఎగురుతున్నడు. “గెలిచిందయ్యా! పొడుగమ్మాయే! లైను నిలబెట్టావు, నీ బాక్సులు ఎక్కడికీ పోవు, నాది పూచీ...”

అంతట్లనే ఆయన గొంతు ఆగింది.

“మట్టయ్యా... ఇందాక, ఆట అయిపోకముందే గెలిచిందని నీ పక్కన చెప్పిందే, ఆవిడ ఎవరయ్యా?”